బరువు, షుగర్, కడుపులో బిడ్డ: ఏ దశలో ఏం చేయాలి

బిడ్డ మెదడుకూ వెన్నుపాముకూ పునాది అయిన నాళం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకోవాలి. ఆ రోజుకి తల్లికి నెల తప్పి సుమారు రెండు వారాలే అవుతుంది. అప్పటికింకా డాక్టర్ దగ్గరికి వెళ్లని వాళ్లు ఎందరో. గుండె గదులు ఏర్పడేదీ ఆ వారాల్లోనే. తల్లికి అప్పటికే షుగర్ ఎక్కువగా ఉంటే బిడ్డ అవయవాలకు ఆ సమయంలోనే లోపం రావచ్చు. "ఇక నుంచి జాగ్రత్తగా ఉండాలి" అని ఇంట్లో అందరూ అనుకునే రోజుకి ఆ దశ చాలావరకు దాటిపోయి ఉంటుంది.

అందుకే ఈ మార్గదర్శిని నెలల లెక్కన రాస్తున్నాను. ఊబకాయం, షుగర్ వల్ల వచ్చే ప్రమాదాలన్నీ ఒకేసారి రావు, ఒక్కోదానికి ఒక్కో సమయం ఉంటుంది. మీరు ఇప్పుడున్న దశ నుంచే చదవండి, ఫరవాలేదు. గర్భం రాకముందే చదువుతున్నారంటే మాత్రం అందరికంటే ఎక్కువ అవకాశం మీ చేతిలోనే ఉంది.

ఇందులోని అంకెలు డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు మీకు పనికొస్తాయి. మీ పరిస్థితి చూసి డాక్టర్ వేరే లెక్క చెబితే అదే పాటించండి. మందు మోతాదు మాత్రం సొంతంగా మార్చొద్దు.

లోపల జరిగేది ఏమిటి

తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయను దాటి బిడ్డకు చేరుతుంది. తల్లి ఇన్సులిన్ దాటదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. తల్లికి షుగర్ పెరిగితే బిడ్డకూ పెరుగుతుంది. దాన్ని అదుపు చేయడానికి బిడ్డ క్లోమం అదనంగా ఇన్సులిన్ తయారు చేస్తుంది. కడుపులో ఉన్న బిడ్డకు ఇన్సులిన్ ఎదుగుదలనిచ్చే హార్మోన్ కూడా. అందుకని భుజాల చుట్టూ, పొట్ట మీద కొవ్వు పేరుకుంటుంది. డెన్మార్క్‌కు చెందిన డాక్టర్ యోర్గన్ పెడర్సన్ 1950ల్లో ఇచ్చిన ఈ వివరణే నేటికీ చికిత్సకు ఆధారం.

భుజాలు వెడల్పయిన బిడ్డకు కాన్పులో తల బయటికి వచ్చాక భుజం ఇరుక్కుపోవచ్చు. ఇన్సులిన్ ఎక్కువగా ఉండటం వల్ల ఊపిరితిత్తులు పక్వానికి రావడం ఆలస్యమవుతుంది. బొడ్డుతాడు కోసిన క్షణం నుంచి తల్లి గ్లూకోజ్ అందదు, కానీ బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ అంత త్వరగా తగ్గదు. కాబట్టి పుట్టిన కొన్ని గంటల్లో బిడ్డ షుగర్ బాగా పడిపోవచ్చు.

గర్భం వల్లే షుగర్ ఎందుకు వస్తుందన్నది ఇంకో ప్రశ్న. మాయ నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్ పనితనాన్ని తగ్గిస్తాయి. బిడ్డకు ఎప్పుడూ గ్లూకోజ్ అందేలా ప్రకృతి చేసుకున్న ఏర్పాటు అది. నెలలు నిండేకొద్దీ తల్లి క్లోమం మామూలు కంటే రెండు మూడు రెట్లు ఇన్సులిన్ ఇవ్వాల్సి వస్తుంది. చాలామంది క్లోమం ఆ పని చేస్తుంది. బరువు ఎక్కువగా ఉన్నవాళ్లలో ఇన్సులిన్ అంతకు ముందు నుంచే సరిగ్గా పనిచేయడం లేదు కాబట్టి ఆ అదనపు భారాన్ని క్లోమం మోయలేకపోతుంది. గర్భధారణ షుగర్ మొదలయ్యేది అక్కడే.

షుగర్ మామూలుగా ఉన్నా ఊబకాయం తనంతట తాను కొన్ని ఇబ్బందులు తెస్తుంది: గర్భస్రావం, అధిక రక్తపోటు, ప్రీఎక్లాంప్సియా (బీపీ పెరిగి తల్లి అవయవాలను దెబ్బతీసే స్థితి), కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టడం, సిజేరియన్ కుట్లకు ఇన్ఫెక్షన్. పొట్ట మీద కొవ్వు మందంగా ఉంటే స్కాన్‌లో బిడ్డ అవయవాలు స్పష్టంగా కనబడవు. తల్లి రక్తంలోని కొవ్వులు కూడా బిడ్డకు చేరుతాయి. అందుకే షుగర్ లేకపోయినా అధిక బరువున్న తల్లికి పెద్ద బిడ్డ పుట్టవచ్చు.

బరువు గురించి గర్భిణితో మాట్లాడే ప్రతి ఒక్కరికీ ఒక విన్నపం. ఆమెను సిగ్గుపడేలా చేయకండి. చిన్నబుచ్చితే ఆమె తరవాతి చెకప్‌కి రావడమే మానేస్తుంది, నష్టపోయేది తల్లీ బిడ్డా. బరువు వెనక వంశపారంపర్యం, పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య), థైరాయిడ్, కొన్ని మందులు, నిద్రలేమి వంటివి చాలా ఉంటాయి.

అడుగు 1: మీరు ఎక్కడున్నారో లెక్క వేసుకోండి

గర్భానికి ముందున్న బరువును కిలోల్లో తీసుకుని, దాన్ని మీటర్లలో ఉన్న మీ ఎత్తుతో రెండుసార్లు భాగించండి. వచ్చేదే బీఎంఐ. 155 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువున్న మనిషికి 70ని 1.55తో ఒకసారి, మళ్లీ 1.55తో ఇంకోసారి భాగిస్తే 29.1 వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 25 నుంచి అధిక బరువు, 30 నుంచి ఊబకాయం. ఆసియా ప్రజలకు తక్కువ బరువులోనే షుగర్ ముప్పు మొదలవుతుంది కాబట్టి వాళ్ల విషయంలో 23 దాటితే జాగ్రత్తపడాలని, 27.5 దాటితే ముప్పు ఎక్కువని అదే సంస్థ సూచించింది. ఆ లెక్కన చూస్తే పై ఉదాహరణలోని 29.1 ఎక్కువ ముప్పు కిందికే వస్తుంది.

షుగర్‌లో మీది ఏ రకమో కూడా తేల్చుకోండి. గర్భానికి ముందు నుంచే ఉన్న టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారు కానిది) లేదా టైప్ 2 (ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనిది) ఒక దారి. గర్భంలో మొదటిసారి కనిపించేది ఇంకో దారి. అవయవ లోపాల భయం ప్రధానంగా మొదటి దారిలోనే ఉంటుంది. గర్భధారణ షుగర్ సాధారణంగా అవయవాలు ఏర్పడిపోయాక, గర్భం రెండో సగంలో వస్తుంది. దానివల్ల వచ్చే ఇబ్బంది ఎక్కువగా బిడ్డ సైజు, కాన్పు, పుట్టాక లో షుగర్ (షుగర్ మరీ పడిపోవడం) రూపంలో ఉంటుంది. ఈ తేడా తెలియక అనవసరంగా టెన్షన్ పడే తల్లులు చాలామంది.

అడుగు 2: గర్భానికి ముందు మూడు నుంచి ఆరు నెలలు

నా దృష్టిలో ఈ మొత్తం మార్గదర్శిలో అన్నిటికంటే విలువైన దశ ఇదే. అందరూ వదిలేసేదీ ఇదే.

షుగర్ ఉన్నవాళ్లు మొదట హెచ్‌బీఏ1సీ చేయించుకోండి. గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను ఇది చూపిస్తుంది. గర్భానికి ముందు 6.5 శాతం కంటే తక్కువ ఉండటం లక్ష్యం, అదీ తరచూ లో షుగర్ రాకుండా సాధ్యమైతేనే. 10 దాటి ఉంటే అది తగ్గేదాకా గర్భం వాయిదా వేయమని వైద్యులు గట్టిగా చెబుతారు. అంత షుగర్‌లో బిడ్డ గుండెకు, వెన్నెముకకు లోపాలు వచ్చే అవకాశం, గర్భస్రావం అయ్యే అవకాశం బాగా పెరుగుతాయి. 9 నుంచి 8కి, 8 నుంచి 7కి తగ్గిన ప్రతి మెట్టూ ముప్పును తగ్గిస్తుంది. లక్ష్యం అందలేదని నిరాశపడి ప్రయత్నం ఆపొద్దు. అందేదాకా గర్భనిరోధక పద్ధతి వాడండి.

రెండోది ఫోలిక్ యాసిడ్. మామూలుగా గర్భం కోరుకునే వాళ్లకు రోజుకి 400 మైక్రోగ్రాములు చాలు. షుగర్ ఉన్నా, బీఎంఐ 30 దాటినా చాలా దేశాల వైద్యులు 5 మిల్లీగ్రాముల మాత్ర రాస్తారు. గర్భానికి కనీసం ఒక నెల ముందు మొదలుపెట్టి 12 వారాల దాకా వేసుకోవాలి. మొదట్లో చెప్పిన ఆ 28 రోజుల్లో బిడ్డకు రక్షణ ఇచ్చేది ఇదే. నెల తప్పాక మొదలుపెడితే చాలావరకు ఆలస్యమైనట్టే.

మూడోది, ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టర్‌కు చూపించండి. కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్లు, బీపీకి వాడే కొన్ని రకాల మందులు (ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటివి) గర్భంలో వాడకూడదు. వాటికి బదులు వేరేవి ఉన్నాయి. బరువు తగ్గడానికి, షుగర్‌కు ఇప్పుడు చాలామంది వాడుతున్న సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌ను గర్భానికి కనీసం రెండు నెలల ముందే ఆపాలి, ఎందుకంటే అది ఒంట్లో చాలా రోజులు నిలిచి ఉంటుంది. బరువు తగ్గేకొద్దీ అండం విడుదల మళ్లీ సక్రమమై, అనుకోకుండా గర్భం వచ్చే అవకాశమూ పెరుగుతుంది. ఇది ముందే తెలిసి ఉండటం అవసరం.

షుగర్ చాలా ఏళ్లుగా ఉంటే కంటి వెనక రెటీనా పరీక్ష, కిడ్నీల పరిస్థితి తెలిపే మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ పరీక్షలు చేయించుకోండి. గర్భంలో రెటీనా జబ్బు ముదరవచ్చు. గర్భానికి ముందే లేజర్ వంటి చికిత్స అవసరమైతే చేయించుకోవడం మేలు. టైప్ 1 ఉన్నవాళ్లు థైరాయిడ్ పరీక్ష కూడా.

ఇక బరువు. ఆదర్శ బరువు చేరాకే గర్భం అనుకుంటే చాలామందికి ఏళ్లు పడుతుంది, ఆలోగా వయసు మీరుతుంది. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా షుగర్, బీపీ మెరుగవుతాయి, నెలసరి క్రమబద్ధమవుతుంది. 80 కిలోల మనిషికి అది 4 నుంచి 8 కిలోలు, సాధించగలిగిన లెక్కే. బరువు తగ్గే శస్త్రచికిత్స చేయించుకున్న వాళ్లు 12 నుంచి 18 నెలలు ఆగాలి. బరువు వేగంగా తగ్గుతున్న కాలంలో గర్భం వస్తే బిడ్డకు పోషకాలు చాలవు.

అడుగు 3: నెల తప్పిన రోజు నుంచి 13 వారాలు

షుగర్ ఉండి, ముందు ప్లాన్ చేసుకోకుండా గర్భం వచ్చిందా? కంగారుపడి మందులన్నీ ఒక్కసారిగా ఆపేయకండి. ఇన్సులిన్ ఆపడం చాలా ప్రమాదం. ఆ రోజే లేదా మర్నాడే డాక్టర్‌కు ఫోన్ చేసి ఏవి ఉంచాలో ఏవి ఆపాలో అడగండి, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టండి.

షుగర్ లేదనుకుంటున్నా బరువు ఎక్కువగా ఉంటే, అమ్మానాన్నలకో తోబుట్టువులకో షుగర్ ఉంటే, ముందు కాన్పులో బిడ్డ బరువు ఎక్కువగా ఉండి ఉంటే మొదటి చెకప్‌లోనే షుగర్ పరీక్ష అడగండి. పరగడుపున 126 లేదా అంతకు మించి, లేదా హెచ్‌బీఏ1సీ 6.5 లేదా అంతకు మించి ఉంటే అది అంతకు ముందు నుంచే ఉన్న షుగర్‌గా భావిస్తారు. హెచ్‌బీఏ1సీ శాతంలో ఉంటుంది, ఈ వ్యాసంలోని మిగతా షుగర్ అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఉన్నాయి.

ఇన్సులిన్ వాడేవాళ్లకు మొదటి మూడు నెలల్లో లో షుగర్ ముప్పు ఎక్కువ. వాంతుల వల్ల తిన్నది నిలవదు, ఇన్సులిన్ అవసరం కూడా కొన్ని వారాలు తగ్గుతుంది, కొందరికి లో షుగర్ ముందస్తు లక్షణాలే తెలియవు. షుగర్ 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాల తరవాత మళ్లీ చూడాలి. రాత్రి మంచం పక్కన గ్లూకోజ్ పెట్టుకోండి. పక్కన పడుకునే మనిషికి లో షుగర్ లక్షణాలు, ఏం చేయాలో నేర్పండి.

ప్రీఎక్లాంప్సియా ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లకు 12 వారాల నుంచి తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాస్తారు. గర్భానికి ముందు నుంచే షుగర్ ఉన్నవాళ్లు ఈ జాబితాలో ఉంటారు. ఊబకాయంతో పాటు తొలి కాన్పు కావడం, వయసు ఎక్కువ కావడం వంటివి కలిసినవాళ్లకూ ఇస్తారు. 16 వారాల లోపు మొదలుపెడితేనే దీని ప్రయోజనం బాగుంటుంది. డాక్టర్ ఈ మాట ఎత్తకపోతే మీరే అడగండి.

బీపీ చూసేటప్పుడు చిన్న సంగతి ఒకటి గుర్తుంచుకోండి. చేయి లావుగా ఉంటే మామూలు పట్టీ సరిపోదు, బిగుతుగా కట్టిన చిన్న పట్టీ బీపీని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీ అడగండి. ప్రతిసారీ అదే సైజుతో చూడమనండి.

అడుగు 4: 24 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజ్ పరీక్ష

18 నుంచి 22 వారాల్లో అవయవాల స్కాన్ ఉంటుంది. ముందు నుంచే షుగర్ ఉంటే బిడ్డ గుండెను విడిగా చూసే స్కాన్ కూడా అడగండి. స్కాన్ స్పష్టంగా రాకపోతే కొన్ని రోజులాగి మళ్లీ చేయించుకోవడం మామూలే.

అసలు పరీక్ష 24 వారాల తరవాత. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసిన పద్ధతిలో పరగడుపున రక్తం తీసి, 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, గంటకు, రెండు గంటలకు మళ్లీ రక్తం తీస్తారు. పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153. ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఆ అంకెకు చేరినా, దాటినా గర్భధారణ షుగర్ అన్నట్టే. కొన్నిచోట్ల వేరే పద్ధతులు, వేరే అంకెలు వాడతారు. కాబట్టి రిపోర్టు చేతికి వచ్చాక ఏ పద్ధతిలో చేశారో అడిగి తెలుసుకోండి.

పరీక్షకు ముందు మూడు రోజులు మామూలుగానే తినండి. రిపోర్టు బాగా రావాలని తిండి తగ్గించుకుంటే ఫలితమే తప్పుదారి పట్టిస్తుంది. ముందు రాత్రి నుంచి 8 గంటలైనా ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. గ్లూకోజ్ నీళ్లు ఐదు నిమిషాల్లో తాగేసి, పరీక్ష పూర్తయ్యేదాకా కూర్చునే ఉండండి. మధ్యలో వాంతి అయితే తప్పకుండా చెప్పండి. బరువు తగ్గే శస్త్రచికిత్స అయినవాళ్లకు ఈ తీపి నీళ్లు పడవు. వాళ్లు దాదాపు వారం పాటు ఇంట్లోనే గ్లూకోమీటర్‌తో చూసుకునే మార్గం ఉంది.

"ఒక్క అంకె కొంచెం దాటితే ఏమవుతుందిలే" అనిపించడం సహజం. తొమ్మిది దేశాల్లో సుమారు 25 వేల మంది గర్భిణులతో చేసిన హాపో అధ్యయనం 2008లో వెలువడింది. ఇక్కడి వరకు క్షేమం, ఇక్కడి నుంచి ప్రమాదం అని చెప్పగల గీత ఏదీ అందులో కనిపించలేదు. తల్లి షుగర్ పెరిగేకొద్దీ పెద్ద బిడ్డ పుట్టడం, సిజేరియన్, బిడ్డకు లో షుగర్ మెల్లమెల్లగా పెరుగుతూ పోయాయి. ధైర్యమిచ్చే ఫలితం ఇంకొకటి ఉంది. ఆస్ట్రేలియా కేంద్రంగా 1,000 మంది గర్భిణులతో చేసి 2005లో ప్రచురించిన పరిశోధనలో, ఆహార సలహా, మీటర్, అవసరమైతే ఇన్సులిన్ ఇచ్చిన వర్గంలో బిడ్డకు తీవ్రమైన ఇబ్బందులు 4 శాతం నుంచి 1 శాతానికి తగ్గాయి. చికిత్స పనిచేస్తుంది.

అడుగు 5: షుగర్ తేలాక రోజువారీ పద్ధతి

మొదట గ్లూకోమీటర్ కొనుక్కోండి. ఉదయం లేవగానే పరగడుపున ఒకసారి, మూడు పూటలా భోజనం మొదలుపెట్టిన గంటకు ఒక్కోసారి, రోజుకి నాలుగుసార్లు చూడాలి. పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు ఉండాలి. రెండు గంటలకు చూసేవాళ్లకు 120 లోపు. గర్భంలో ఎర్ర రక్తకణాలు త్వరగా మారిపోతుంటాయి కాబట్టి హెచ్‌బీఏ1సీ ఒక్కదాన్నే నమ్ముకుంటే చాలదు, నిజం తెలిసేది ఈ రోజువారీ అంకెల్లోనే. వేలిని గుచ్చే ముందు చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోండి. పండు ఒలిచిన చేత్తో చూస్తే లేని షుగర్ కనిపిస్తుంది.

పుస్తకంలో అంకె పక్కనే ఏం తిన్నారో కూడా రాయండి. అంకె ఎక్కువ వచ్చిందని భయపడి, డాక్టర్ ఏమంటారోనని తగ్గించి రాసేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. ఆ అంకె మీ మీద తీర్పు కాదు. మందు సరిపోతోందో లేదో డాక్టర్‌కు తెలిసేది దాన్ని చూసే.

తిండి విషయంలో అందరూ చేసే తప్పు పిండి పదార్థాలను పూర్తిగా మానేయడం. గర్భిణికి రోజుకి కనీసం 175 గ్రాముల పిండి పదార్థం కావాలన్నది విస్తృతంగా పాటించే లెక్క. మరీ మానేస్తే శరీరం కొవ్వును కరిగించి కీటోన్లు తయారు చేస్తుంది, అవి బిడ్డకు మంచివి కావు. చేయాల్సింది ఏమిటంటే, ఆ పిండి పదార్థాన్ని ఒక్క పూటలో కుమ్మరించకుండా మూడు భోజనాలకూ, రెండు మూడు చిరుతిళ్లకూ పంచడం. కంచంలో సగం కూరగాయలు, పావు భాగం మాంసకృత్తులు, మిగతా పావు పిండి పదార్థం. పాలిష్ పట్టని ధాన్యం మేలు. పండ్లను రసం తీయకుండా అలాగే తినాలి, భోజనంతో కలపకుండా విడిగా.

ఉదయం పూట హార్మోన్ల వల్ల ఇన్సులిన్ ఇంకా మందకొడిగా పనిచేస్తుంది. మధ్యాహ్నం 130 వచ్చిన తిండే పొద్దున తింటే 160 రావచ్చు. అందుకే ఉదయం పిండి పదార్థం తగ్గించి, మాంసకృత్తులు పెంచి చూడండి. కంచంలో ముందు కూరగాయలు, మాంసకృత్తులు తిని, పిండి పదార్థం ఆఖర్న తింటే కూడా చాలామందికి అంకె తగ్గుతుంది. మీ మీటరే మీకు చెబుతుంది. ఒకే తిండిని రెండు మూడు రోజులు పరీక్షించి చూసుకోండి.

తిన్నాక 10 నుంచి 15 నిమిషాలు నడవండి. కదిలే కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే గ్లూకోజ్‌ను లాక్కుంటుంది. వారానికి మొత్తం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం గర్భిణులందరికీ సాధారణంగా చెప్పే లెక్క. మాయ కిందికి ఉండటం, రక్తస్రావం, నెలలు నిండకుండా నొప్పులు వచ్చే ముప్పు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగాకే. ఇన్సులిన్ వాడేవాళ్లు నడకకు వెళ్లేటప్పుడు జేబులో గ్లూకోజ్ ఉంచుకోవాలి.

ఒకటి రెండు వారాలు ఇవన్నీ చేసినా అంకెలు దిగకపోతే మందు కావాలి. మొదటి పరీక్షలోనే పరగడుపు షుగర్ 126 లేదా అంతకు మించి ఉంటే ఆలస్యం లేకుండా ఇన్సులిన్ మొదలుపెడతారు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర కూడా ఇస్తారు, అది మాయను దాటుతుంది. ఇన్సులిన్ దాటదు, అందుకే ఎక్కువమంది వైద్యులు దాన్నే ముందు ఎంచుకుంటారు. "ఒకసారి ఇన్సులిన్ మొదలైతే జీవితాంతం తప్పదు" అన్న భయం చాలా ఇళ్లల్లో ఉంది. గర్భధారణ షుగర్ విషయంలో అది నిజం కాదు. మాయ బయటికి రాగానే ఆ హార్మోన్లూ పోతాయి, సాధారణంగా ఇన్సులిన్‌ను ఆ రోజే ఆపేస్తారు. మోతాదు వారం వారం పెరుగుతున్నా మీరేదో తప్పు చేసినట్టు కాదు, మాయ పెరుగుతోందని దాని అర్థం. పొట్ట మీద ఇంజెక్షన్ చేసుకున్నా సూది బిడ్డ దాకా వెళ్లదు.

అడుగు 6: గర్భంలో ఎంత బరువు పెరగాలి

అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో ఇచ్చిన లెక్కలను ఎక్కువమంది పాటిస్తారు. గర్భానికి ముందు బీఎంఐ 18.5 నుంచి 25 లోపు ఉన్నవాళ్లు 11.5 నుంచి 16 కిలోలు, 25 నుంచి 30 లోపు ఉన్నవాళ్లు 7 నుంచి 11.5 కిలోలు, 30 దాటినవాళ్లు 5 నుంచి 9 కిలోలు పెరగాలి. ఇవి ఒక్క బిడ్డే ఉన్న గర్భానికి. "ఇద్దరి కోసం తినాలి" అనే మాట ప్రేమతో అంటారు, కానీ అదనంగా కావాల్సింది చాలా కొద్దిగానే. అలాగని గర్భంలో బరువు తగ్గించే డైట్లు చేయకూడదు. ఆ పని కాన్పు తరవాత.

అడుగు 7: చివరి మూడు నెలలు

బిడ్డ ఎదుగుదల, ఉమ్మనీరు చూడటానికి 28 వారాల తరవాత సుమారు నెలకోసారి స్కాన్ ఉంటుంది. షుగర్ వల్ల ఉమ్మనీరు పెరగవచ్చు. చాలా ఏళ్లుగా షుగర్ ఉండి రక్తనాళాలు దెబ్బతిన్నవాళ్లలో మాత్రం బిడ్డ చిన్నగా ఉండిపోయే ప్రమాదమూ ఉంది. నెలలు నిండకముందే కాన్పు అయ్యేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. దాని తరవాత కొన్ని రోజులు తల్లి షుగర్ బాగా పెరుగుతుంది కాబట్టి తరచూ చూసి ఇన్సులిన్ సర్దాలి.

కింది వాటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు:

- బిడ్డ కదలికలు ఎప్పటికంటే తగ్గినట్టు అనిపించడం
- తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మసక, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం హఠాత్తుగా వాయడం, బీపీ 140/90 లేదా అంతకు మించి ఉండటం
- ఒక్క కాలి పిక్కే వాచి నొప్పి పుట్టడం, లేదా హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి
- ఇన్సులిన్ వాడే తల్లికి ఆగని వాంతులు, పొట్టనొప్పి, వేగంగా ఊపిరి తీయడం
- రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం

నాలుగోదాని గురించి ఇంకో మాట. కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారే కీటోయాసిడోసిస్ అనే ఈ ప్రాణాంతక స్థితి గర్భంలో షుగర్ మరీ ఎక్కువగా లేకపోయినా రావచ్చు. మీటర్‌లో అంకె చూసి "ఫరవాలేదు" అనుకోవద్దు, కీటోన్ పరీక్ష అడగండి.

అడుగు 8: కాన్పు

షుగర్ ఉందంటే సిజేరియన్ తప్పదని కాదు. తిండితోనే అదుపులో ఉన్న గర్భధారణ షుగర్‌లో 39 వారాల నుంచి 40 వారాల 6 రోజుల దాకా ఆగవచ్చు. మందులతో అదుపులో ఉంటే 39వ వారంలో కాన్పు చేస్తారు. ముందు నుంచే షుగర్ ఉంటే ఇంకాస్త ముందే చేయవచ్చు. బిడ్డ బరువు నాలుగున్నర కిలోలు లేదా అంతకు మించి ఉందని అంచనా వేస్తే సిజేరియన్ గురించి డాక్టర్ మీతో చర్చిస్తారు. స్కాన్‌లో బరువు అంచనా అటూ ఇటూ అవుతుందని కూడా అప్పుడు అడిగి తెలుసుకోండి.

బీఎంఐ బాగా ఎక్కువగా ఉన్నవాళ్లు కాన్పుకి కొన్ని వారాల ముందే మత్తు డాక్టర్‌ను కలవాలి. వెన్నులో సూది ఎక్కడ వేయాలి, నిద్రలో గురకతో పాటు ఊపిరి ఆగే ఇబ్బంది ఉందా అన్నవి తీరిగ్గా చూసుకునే సమయం అదే. నొప్పులు పడుతున్నప్పుడు షుగర్‌ను సుమారు 70 నుంచి 126 మధ్య ఉంచుతారు. కాన్పు తరవాత వీలైనంత త్వరగా లేచి నడవడం, అవసరమైనవాళ్లకు రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు తీసుకోవడం ముఖ్యం. కుట్లు పొట్ట మడతలో ఉంటే ఆ చోటు తడి లేకుండా ఉంచుకోండి.

అడుగు 9: బిడ్డ మొదటి రోజు

పుట్టిన అరగంట నుంచి గంటలోపు పాలు పట్టండి, ఆ తరవాత రెండు మూడు గంటలకోసారి. మడమ నుంచి చుక్క రక్తం తీసి బిడ్డ షుగర్ చూస్తారు. బిడ్డ వణుకుతున్నా, పాలు చీకకపోయినా, మరీ మెత్తబడి నిద్రలోనే ఉన్నా వెంటనే నర్సుకు చెప్పండి.

ఊబకాయం, షుగర్ ఉన్న తల్లులకు పాలు పడటం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. ఈ ఒక్క మాట ముందే చెప్పకపోవడం వల్ల "నాకు పాలు లేవు" అని ఏడ్చి మానేసే తల్లులు ఎందరో. బిడ్డను ఒంటికి ఆనించుకుని, తరచూ రొమ్ముకు పట్టిస్తూ ఉంటే పాలు వస్తాయి. ముప్పు పెద్దగా లేనివాళ్లు 36 వారాల తరవాత డాక్టర్‌ను అడిగి, ముర్రుపాలు చేత్తో పిండి నిల్వ చేసుకోవచ్చు. తల్లిపాలు ఇవ్వడం తల్లికి మున్ముందు టైప్ 2 షుగర్ వచ్చే అవకాశాన్నీ తగ్గిస్తుంది. ఇన్సులిన్ కొనసాగించే తల్లులు పాలిచ్చే ముందు ఏదైనా కాస్త తినాలి. కాన్పు అవగానే ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా పడిపోతుంది, పాత మోతాదు వేసుకుంటే ప్రమాదం.

అడుగు 10: నాలుగు నుంచి పన్నెండు వారాల తరవాత

గర్భధారణ షుగర్ వచ్చినవాళ్లు కాన్పయిన 4 నుంచి 12 వారాల మధ్య మళ్లీ 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయించుకోవాలి. ఈసారి అంకెలు వేరు. పరగడుపున 126 గానీ, రెండు గంటలకు 200 గానీ చేరినా, దాటినా షుగర్. పరగడుపున 100 నుంచి 125 లేదా రెండు గంటలకు 140 నుంచి 199 మధ్య ఉంటే షుగర్‌కు ముందు దశ. కాన్పులో రక్తం పోవడం వంటి కారణాల వల్ల ఈ సమయంలో హెచ్‌బీఏ1సీ తప్పు చూపించవచ్చు, కాబట్టి గ్లూకోజ్ పరీక్షే నయం. అంతా బాగున్నా ఒకటి నుంచి మూడేళ్లకోసారి చూపించుకుంటూ ఉండాలి. గర్భధారణ షుగర్ వచ్చినవాళ్లకు టైప్ 2 వచ్చే అవకాశం, రానివాళ్ల కంటే ఏడు నుంచి పది రెట్లు ఎక్కువగా ఉంటుందని పెద్ద విశ్లేషణలు చెబుతున్నాయి. ఆ ముప్పు ఉన్న స్త్రీలకు తిండి, వ్యాయామం లేదా మెట్‌ఫార్మిన్ ఇస్తే షుగర్ రావడం దాదాపు సగానికి తగ్గిందని అమెరికాలో జరిగిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో తేలింది.

ఈ పరీక్షకు రానివాళ్లే ఎక్కువ. బాలింతకు తన ఒంటి గురించి ఆలోచించుకునే తీరిక ఉండదు, ఇంట్లో అందరి చూపూ బిడ్డ మీదే ఉంటుంది. అందుకని దాన్ని బిడ్డ పనితోనే ముడిపెట్టండి. ఆరు వారాలకు బిడ్డకు టీకాలు వేయించే రోజే మీ పరీక్ష కూడా పెట్టుకోండి. పరగడుపున రావాలన్న మాటను టీకాల కార్డు మీద ఆ తేదీ పక్కనే రాసి ఉంచండి. రెండు గంటలు బిడ్డను ఎవరు చూసుకుంటారో ముందే మాట్లాడుకోండి. తరవాతి గర్భం ఎప్పుడు అనుకుంటున్నారో, అప్పటిదాకా ఏ గర్భనిరోధకం వాడాలో కూడా ఆ రోజే డాక్టర్‌ను అడిగి రండి.